అలల నుండి అంకెలకు: దూరదర్శన ప్రసారములలో వచ్చిన మార్పు

తిరుత్తణి కొండకు మెట్లు 365. ఏడాదికి ఎన్ని దినములో అన్ని మెట్లని పెద్దలు చెప్పుదురు. ఆ మెట్లెక్కుచు నడుమ నొకచోట నిలిచి వెనుదిరిగి చూచినచో పట్టణమంతయు పరచిన చాపవలె కనబడును. ముప్పది యేండ్ల క్రిందట మేము బాలురమై అచ్చట నిలిచి చూచినపుడు ఇండ్ల పైకప్పుల మీద పొడవైన ఇనుప గొట్టములును, వాటి కొనలయందు చేపముల్లు వంటి అల్యూమినియం కడ్డీలును కనబడుచుండెను. అవి చాల వరకు తూర్పునకు, చెన్నపట్టణపు దిక్కునకు తిరిగియుండెను. నేడు అదే మెట్టుపై నిలిచి చూడుడు. ఆ గొట్టములు లేవు. ఒకటి రెండు మిగిలినను బట్టలారవేయు తీగలు కట్టుటకు పనికివచ్చుచున్నవి. వాటికి మారుగా గుండ్రని పళ్ళెములు వెలసినవి. అవి చాల వరకు ఆగ్నేయపు దిక్కున, ఆకాశమువైపు చూచుచున్నవి. పళ్ళెము లేని యింటిలోనికి నల్లని కేబుల్ తీగ పోవుచున్నది. పళ్ళెమైనను తీగయైనను టెలివిజను ప్రక్కన ఒక చిన్న పెట్టె మాత్రము ఉండి తీరును.

ఎనిమిదవ తరగతి బాలిక యొకతె ఒకనాడు మమ్ము అడిగెను: "సార్, టీవీ ఉంది, కరెంటు ఉంది. ఈ పెట్టె లేకపోతే బొమ్మ ఎందుకు రాదు? మీ చిన్నప్పుడు పెట్టె లేకుండానే వచ్చేదంట కదా?" మంచి ప్రశ్న. దీనికి తరగతిలో రెండు మాటలలో బదులు చెప్పితిమి గాని తృప్తి కలుగలేదు. ఈ మార్పు యంత్రమునకు సంబంధించినది మాత్రమే కాదు. సరిహద్దున వసించు మన తెలుగు కుటుంబములకు వేరొక విధముగా కూడ సంబంధించినది. కావున విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలియునట్లు ఇచ్చట వివరింప పూనుకొనుచున్నాము.

బొమ్మ ఎట్లు ప్రయాణము చేయును?

తెరపై కదలుచున్నట్లు కనబడు బొమ్మ నిజముగా కదలదు. మన దేశము అనుసరించిన పాత పద్ధతిలో సెకనుకు 25 నిలుకడ బొమ్మలు ఒకదాని వెంట నొకటి పంపబడుచుండెను. ఒక్కొక్క బొమ్మను 625 అడ్డగీతలుగా విభజించుచుండిరి. మనము పుస్తకమును చదువునట్లే ఎడమ నుండి కుడికి, పైనుండి క్రిందికి యంత్రము ఆ గీతలను చదువును. వెలుగు ఉన్నచోట విద్యుత్తు ఒక మట్టమునను, చీకటి ఉన్నచోట వేరొక మట్టమునను ఉండును. వెలుగు కొంచెము కొంచెముగా తగ్గినచో విద్యుత్తును కొంచెము కొంచెముగానే మారును. ఈ హెచ్చుతగ్గులను రేడియో అలపై ఎక్కించి ఆకాశమున విడుతురు. ఇంటిమీది కడ్డీలు ఆ అలను పట్టును. టెలివిజను దానిని మరల గీతలుగా మార్చి తెరపై వ్రాయును.

ఇట్లు మూలములోని హెచ్చుతగ్గులను పోలిన హెచ్చుతగ్గులనే పంపు పద్ధతికి అనలాగ్ పద్ధతి యని పేరు. పోలిక కలది యని ఆ మాటకు అర్థము. ఈ పద్ధతిలో ఒక గుణము, ఒక దోషము కలవు. అల దూరము పోయిన కొలది బలహీనమగును. మార్గమున ఉరుములు, మోటారులు, కొండలు దానిని చెరచును. మూలమును పోలినది ఏది, మధ్యలో చేరిన మలినమేది యని తెలిసికొను ఉపాయము టెలివిజనునకు లేదు. వచ్చిన దానినంతయు తెరపై వేయును. అందుచేత తెరపై తెల్లని చుక్కలు రాలును. కొండకు తగిలి ఆలస్యముగా వచ్చిన అల వలన మనిషి ప్రక్కన వాని నీడవంటి మఱియొక మనిషి కనబడును. ఇది దోషము. గుణమేమనగా, ఎంత చెడినను కొంత మిగులును. ముఖము కనబడకున్నను మాట వినబడును. మాట సరిగా వినబడకున్నను ఇది మన భాషయే యని తెలియును.

సరిహద్దు ఎరుగని అల

ఈ గుణము మా బాల్యమున మాకు చేసిన మేలు చెప్పదగినది. మద్రాసు దూరదర్శన్ కేంద్రము 1975 ఆగస్టు 15న ప్రారంభమయ్యెను. హైదరాబాదు కేంద్రము 1977 అక్టోబరు 23న ప్రారంభమయ్యెను. మా గ్రామము పళ్ళిపట్టు ప్రాంతమున కలదు. మాకు మద్రాసు ప్రసారము స్పష్టముగా వచ్చుచుండెను. తమిళము మేము ఎరిగినదే. వీధిలో ఆడుకొనినది ఆ భాషలోనే. అయినను మా అవ్వకు తెలుగు వినవలెనని కోరిక. ఆదివారము మధ్యాహ్నమున జాతీయ ప్రసారములో వివిధ భాషల చిత్రములను వంతులవారీగా చూపుచుండిరి. తెలుగు వంతు ఎప్పుడు వచ్చునా యని ఆమె వారములు లెక్కపెట్టుచుండెను.

కొన్ని రాత్రులలో మా మామ మిద్దె యెక్కి గొట్టమును వాయవ్యమునకు, అనగా చిత్తూరు, తిరుపతి దిక్కునకు త్రిప్పెడివాడు. మేము కిటికీ కడ నిలిచి కేకలు వేసెడివారము.

"వచ్చిందా?"

"రాలేదు మామా! ఇంకొంచెం తిప్పు."

"ఇప్పుడు?"

"వచ్చింది, వచ్చింది! అట్లే ఉండనీ, కదిలించొద్దు!"

తెరపై మంచు కురియుచున్నట్లుండెను. ఆ మంచు వెనుక నొక వార్తాహరుడు తెలుగున వార్తలు చదువుచుండెను. గాలిలో వెచ్చని పొర, చల్లని పొర ఒకదానిపై నొకటి నిలిచిన రాత్రులలో రేడియో అలలు వంగి మామూలుకంటె దూరము పోవును. అట్టి రాత్రియే మా అవ్వకు పండుగ. బొమ్మ చూడక కన్నులు మూసికొని వినెడిది.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాలో భాగముగా ఆ రాష్ట్రమున చేరెను. పటాస్కర్ నిర్ణయము ననుసరించి 1959లో చట్టము వెలువడెను. 1960 ఏప్రిల్ 1 నుండి ఈ తాలూకాలో అధికభాగము మద్రాసు రాష్ట్రమునకు వచ్చెను. సత్యవేడు ప్రాంతము ఆంధ్రమునకు పోయెను. పటముపై గీత మారెను. బడులు, కచేరీలు, బస్సులు ఆ గీతను పాటించినవి. అల మాత్రము పాటింపలేదు. దూరము ఒక్కటియే దానికి హద్దు. ఈ సంగతిని గుర్తుంచుకొనుడు. ముందు దీనితో పని కలదు.

అంకెల పద్ధతి

ఇప్పుడు డిజిటల్ పద్ధతి యన నేమో చూతము. సంక్రాంతి నెలలో అక్క వేసిన మెలికల ముగ్గును చూచి చెల్లెలు వేయును; చెల్లెలి ముగ్గును చూచి ప్రక్కింటి పిల్ల వేయును. చుక్కలు లేక చేతివాటముగా వేసినచో నాల్గవ యింటికి పోవునప్పటికి ముగ్గు మారిపోవును. అట్లుగాక, "15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు" అని చెప్పి పంపినచో నూరవ యింటనైనను చుక్కలు అట్లే పడును. గీతను చూచి గీత గీయుట అనలాగ్. లెక్క చెప్పి పంపుట డిజిటల్.

డిజిటల్ పద్ధతిలో బొమ్మను అడ్డమునకు 720, నిలువునకు 576 చుక్కలుగా విభజింతురు. ఒక బొమ్మలో నాలుగు లక్షలకు పైగా చుక్కలు. సెకనుకు 25 బొమ్మలు గాన ఒక్క సెకనులో కోటికి పైగా చుక్కలు. ఒక్కొక్క చుక్క యొక్క వెలుగును, రంగును సంఖ్యలుగా వ్రాయుదురు. ఆ సంఖ్యలను ఒకటి, సున్న అను రెండే అంకెలతో వ్రాయుదురు.

రెండే అంకెలతో ఇంత బొమ్మ ఎట్లు వచ్చునని సందేహింపవలదు. పొదటూరుపేట మగ్గములను చూచిన బాలునకు ఇది తెలిసిన విద్యయే. జకార్డు మగ్గముపై అట్టల మాల తిరుగుచుండును. అట్టలో రంధ్రమున్నచోట సూది లోనికి పోవును, పడుగు దారము పైకి లేచును. రంధ్రము లేనిచోట దారము లేవదు. రంధ్రము కలదు, రంధ్రము లేదు. ఇంతకు మించి ఆ అట్టకు వేరు భాష తెలియదు. అయినను దాని నుండి నెమలియు, మామిడిపిందెయు, గోపురపు అంచును చీరపై దిగివచ్చుచున్నవి. డిజిటల్ ప్రసారము ఆకాశమున నడచు అట్టల మాల వంటిది.

అట్ట కొంచెము మాసినను, నలిగినను రంధ్రము రంధ్రమే. అట్లే మార్గమున అల కొంత చెడినను ఇది ఒకటియా, సున్నయా యని మాత్రమే పెట్టె తేల్చుకొనవలెను. తేల్చుకొనినచో బొమ్మ మూలములో ఉన్నట్లే వచ్చును. అంతేగాక, పంపువారు అసలు అంకెలతోపాటు కొన్ని తనిఖీ అంకెలను కూడ చేర్తురు. పద్దుపుస్తకమున అంకెలతోపాటు మొత్తము వేసియున్నచో, చెరిగిపోయిన ఒక అంకెను మొత్తమును బట్టి కనుగొనవచ్చును గదా! పెట్టెయు అట్లే తప్పులను దిద్దుకొనును.

అయితే దీనికిని ఒక హద్దు కలదు. అల మరీ బలహీనమై తప్పులు దిద్దుకొనలేనంతగా పెరిగినచో బొమ్మ గడులు గడులుగా విరిగి నిలిచిపోవును. మరుక్షణమున తెర నల్లబడును. గట్టి వాన కురియునపుడు పళ్ళెముగల యిండ్లలో దీనిని చూచుచున్నాము. అనలాగ్ మెల్లగా మసకబారును. డిజిటల్ ఉన్నంతసేపు అద్దమువలె ఉండి ఒక్కసారిగా మాయమగును. మంచు తెర వెనుక తెలుగు వార్తలు వినుట ఇక లేదు.

తక్కువ చోటులో ఎక్కువ బొమ్మలు

కోటికి పైగా చుక్కల లెక్కను యథాతథముగా పంపుట సాధ్యము కాదు. రంగులతో కలిపి సెకనుకు సుమారు 16 కోట్ల ఒకట్లు, సున్నలు కావలెను. ఇచ్చట మన పూర్వపు కరణముల ఉపాయము పనికివచ్చినది. పద్దులలో పై వరుసలోని వివరమే క్రింది వరుసలోను ఉన్నచో కరణము దానిని మరల వ్రాయక "సదరు" అని వ్రాసి సరిపెట్టెడివాడు. వార్తలు చదువు మనిషి వెనుకనున్న గోడ ఒక బొమ్మకును మరుబొమ్మకును మారదు. కదలునవి పెదవులు, కనురెప్పలు. గోడకు "సదరు" అని చెప్పి పెదవుల లెక్క మాత్రము పంపినచో చాలును. ఇట్టి కుదింపుతో 16 కోట్లు 30, 40 లక్షలకు దిగివచ్చును.

దీని ఫలితము గొప్పది. ఒక్క అనలాగ్ కార్యక్రమము ఆక్రమించుచుండిన చోటులో కేబుల్ తీగపై ఎనిమిది, పది డిజిటల్ కార్యక్రమములు పట్టును. నూరు లోపు ఛానళ్ళతో నిండిపోవుచుండిన తీగలో ఇప్పుడు కొన్ని వందలు ప్రవహించుచున్నవి. ఆకాశమునను అట్లే చోటు మిగులును. మిగిలిన చోటును సెల్‌ఫోనులకు ఇయ్యవచ్చును. ప్రభుత్వములు ఈ మార్పును కోరుటకు ముఖ్యకారణము ఇదియే.

బాలిక ప్రశ్నకు ఇప్పుడు బదులు చెప్పవచ్చును. పాత టెలివిజను అలలోని హెచ్చుతగ్గులను చదువగలదు గాని అంకెలను చదువలేదు. పెట్టె అంకెలను చదివి, కుదింపును విప్పి, టెలివిజనునకు తెలిసిన రూపమున అందించును. అది ఒక దుబాసి. అందువలననే 2006 నుండి 2011 వరకు తమిళనాడు ప్రభుత్వము ఉచితముగా పంచిన పాత రంగుల టెలివిజనులు సైతము పెట్టె తోడుండగా డిజిటల్ బొమ్మను చూపగలిగినవి.

ఇతర దేశములలో

ఈ మార్పు మన దేశమునకే పరిమితము కాదు. జర్మనీలోని బెర్లిన్ ప్రాంతమున 2003 ఆగస్టులోనే అనలాగ్ ప్రసారములను ఆపివేసిరి. దేశమంతటను మొదట మార్చినది లక్సెంబర్గ్ అను చిన్న దేశము, 2006 సెప్టెంబరు 1న. అమెరికాలో 2009 ఫిబ్రవరి 17న మార్పు జరుగవలసియుండెను. పెట్టెల కొనుగోలునకు ప్రభుత్వము ఇంటికి రెండు చొప్పున 40 డాలర్ల చీటీల నిచ్చెను; చీటీలు చాలలేదు, లక్షల యిండ్లు సిద్ధపడలేదు. గడువును జూన్ 12 వరకు పొడిగించిరి. సిద్ధపడని యిండ్లలో స్పానిష్ మాటలాడువారి యిండ్ల పాలు సగటు కంటె హెచ్చుగా నుండెను. అల్పసంఖ్యాక భాషల వారికి వార్త ఆలస్యముగా చేరుట ఆ సంపన్న దేశమునను తప్పలేదు. జపాను 2011 జూలై 24న మారెను. సునామీ వాతబడిన మూడు రాష్ట్రములకు మాత్రము 2012 మార్చి వరకు గడువిచ్చిరి. బ్రిటను 2012 అక్టోబరు 24న ఈ పని ముగించెను.

మన దేశమున, మన జిల్లాలో

మన దేశమున మార్పు ప్రధానముగా కేబుల్ తీగ మీదను, పళ్ళెము మీదను నడచినది. 2003 సెప్టెంబరు 1న చెన్నైలో రుసుము ఛానళ్ళకు పెట్టె తప్పనిసరి యను పద్ధతి వచ్చెను. అది తొలి అడుగు. 2004 డిసెంబరులో దూరదర్శన్ తన ఉచిత ఉపగ్రహ ప్రసారమును ప్రారంభించెను. దానినే నేడు డిడి ఫ్రీ డిష్ అనుచున్నాము. 2011లో కేబుల్ చట్టమును సవరించి నాలుగు దశలుగా డిజిటల్ మార్పును ఆదేశించిరి. మొదటి దశ ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై. దానికి గడువు 2012 అక్టోబరు 31. హైదరాబాదు, విశాఖపట్టణము, కోయంబత్తూరు మొదలగు 38 నగరములకు 2013 మార్చి 31. తిరువళ్ళూరు, తిరుత్తణి వంటి పురపాలక పట్టణములకు 2015 డిసెంబరు 31. గ్రామములకు 2016 డిసెంబరు 31. ఇది తరువాత 2017 మార్చి 31 వరకు పొడిగింపబడెను.

కాగితము మీది గడువులు తమిళనాట అట్లే నెరవేరలేదు. చెన్నైలో వ్యాజ్యముల వలన పాత పద్ధతి గడువు దాటియు సాగెను. జిల్లాలలో 2011 సెప్టెంబరు నుండి ప్రభుత్వసంస్థయైన అరసు కేబుల్ నెలకు 70 రూపాయలకు అనలాగ్ ప్రసారము నిచ్చుచుండెను. దానికి డిజిటల్ అనుమతి 2017 ఏప్రిల్‌లో లభించెను; ఆ సంవత్సరము సెప్టెంబరు నుండి పెట్టెలను ఉచితముగా పంచిరి. మన ప్రాంతపు పల్లెలలో చాల యిండ్లకు పెట్టె వచ్చినది ఆ కాలముననే.

గొట్టముల కథయు ఇంతలో ముగిసెను. 2016 ఫిబ్రవరిలో దూరదర్శన్ చెన్నైతో కలిపి 16 నగరములలో భూమి మీది స్తంభముల నుండియే డిజిటల్ ప్రసారమును ప్రారంభించెను గాని అది పల్లెలకు వ్యాపింపలేదు. 2021 అక్టోబరులో ప్రసార భారతి తన పాత అనలాగ్ ప్రసార యంత్రములను 2022 మార్చి 31 లోపల విడతలుగా మూసివేయుదునని ప్రకటించెను. సరిహద్దు ప్రాంతముల వంటి కీలకస్థలములలోని సుమారు 50 మాత్రము మినహాయింపబడినవి. మా మామ త్రిప్పిన గొట్టమునకు పట్టుటకు అల లేకపోయెను.

దూరము తొలగినది, ఎంపిక వచ్చినది

ఇప్పుడు మేము గుర్తుంచుకొనుడని చెప్పిన సంగతికి వచ్చుచున్నాము. అనలాగ్ కాలమున మన యింటికి ఏ భాష వచ్చునో నిర్ణయించినది దూరము. డిజిటల్ కాలమున దూరమునకు విలువ లేదు. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచిన ఉపగ్రహమునకు తిరుపతి యెంతయో తిరుత్తణియు అంతే. విజయవాడ నుండి వచ్చు డిడి సప్తగిరి, హైదరాబాదు నుండి వచ్చు డిడి యాదగిరి, చెన్నై నుండి వచ్చు డిడి తమిళ్ ఒకే పళ్ళెములో పడుచున్నవి. మంచు లేదు, నీడ లేదు. మా అవ్వ ఉన్నచో ఎంత సంతోషించెడిదో!

కాని దూరమునకు మారుగా వేరొకటి కావలి నిలిచినది. అది ఎంపిక. 2019 ఫిబ్రవరి 1 నుండి ట్రాయ్ సంస్థ నియమము ప్రకారము ప్రతి గృహస్థుడును తనకు కావలసిన ఛానళ్ళను తానే ఎంచుకొనవలసి వచ్చెను. మొదట 100 ఛానళ్ళకు పన్నులు గాక 130 రూపాయల వరకు, 2020 నుండి 200 ఛానళ్ళకు అంతే. రుసుము ఛానళ్ళకు వేరుగా చెల్లింపవలెను. ఆ 130 రూపాయల పరిమితిని 2024లో తొలగించిరి. కోరినవారు కోరినదే చూడవచ్చునను ఉద్దేశము మంచిదే. అయితే కోరనివారికి ఏమి వచ్చును? ఆ ప్రాంతమున అధికసంఖ్యాకులకు తగినట్లు కూర్చిన కట్ట వచ్చును. ఆ నెలలో మా వీధిలోని ఒక వృద్ధురాలు మమ్ము పిలిచి, "నాయనా, మన తెలుగు టీవీ చచ్చిపోయినట్టుంది, చూడు" అనెను. టెలివిజను చెడలేదు. ఈ ఛానలు మీ చందాలో లేదని తెరపై ఆంగ్లమున వ్రాసియుండెను. ఆమె మనుమడు పట్టికలో గుర్తులు పెట్టునపుడు తెలుగు గడిని చూడలేదు, అంతే. అల తప్పిపోయినపుడు గొట్టము త్రిప్పితిమి. ఎంపిక తప్పిపోయినపుడు దేనిని త్రిప్పవలెనో ఆమెకు తెలియదు.

ఇంతకంటె బరువైన అనుభవము 2020లో కలిగెను. కరోనా వలన బడులు మూతబడినవి. తమిళనాడు ప్రభుత్వము 2019లో ప్రారంభించిన కల్వి తొలైక్కాట్చి ద్వారా పాఠములు వచ్చుచుండెను. అవి ప్రధానముగా తమిళమున ఉండెను. ఆంధ్రప్రదేశమున పదవ తరగతి పిల్లలకు డిడి సప్తగిరిలో తెలుగు మాధ్యమమున పాఠములు చెప్పుచుండిరి. పాఠ్యపుస్తకములు వేరైనను త్రిభుజము త్రిభుజమే, ఆమ్లము ఆమ్లమే. ఆ మాటలను తెలుగున వినుట మన పిల్లలకు ఎంతో అవసరము. మేము ఇంటింటికి ఫోను చేసి, సప్తగిరి చూడుడని చెప్పితిమి. "మాకు అది రాదు సార్" అని బదులు వచ్చెను. కొందరి యిండ్లకు పోయి చూచితిమి. ఛానలు పెట్టెలోనే ఉన్నది! ఏ సంఖ్య నొత్తినచో వచ్చునో యింటిలో ఎవరికిని తెలియదు. వందల ఛానళ్ళ నడుమ అది మూడేండ్లుగా పిలుపు లేక కూర్చుండియున్నది. ఒక తండ్రి ఆ సంఖ్యను గోడమీద సుద్దతో వ్రాసికొనెను. అంతకు ముందు గడచిన వారములు మాత్రము ఆ పిల్లలకు తిరిగి రాలేదు. ఈ లోపము కొంత మాదియు. ముందుగా పోయి చూడవలసినది ఉపాధ్యాయులమైన మేమే.

తలిదండ్రులకు కొన్ని మాటలు

కావున మేము విన్నవించునది స్వల్పము. మొదటిది, మీ పెట్టెలో ఏయే తెలుగు ఛానళ్ళు కలవో ఒకసారి పట్టిక తెరచి చూడుడు, సంఖ్యలను వ్రాసియుంచుడు. ప్రభుత్వము నిర్దేశించిన దూరదర్శన్ ఛానళ్ళను ప్రతి కేబుల్ వారును, పళ్ళెము వారును చూపితీరవలెనని చట్టము కలదు. రెండవది, చందా మార్చునపుడు తెలుగు ఛానళ్ళ ధరను విడిగా అడుగుడు. పెద్ద కట్ట కొనుటకంటె కావలసిన ఒకటి రెండింటిని విడిగా ఎంచుకొనుట చౌక కావచ్చును. నెలసరి రుసుము చెల్లింపలేనివారికి ఫ్రీ డిష్ కలదు. పళ్ళెమునకు, పెట్టెకు ఒకసారి పెట్టు ఖర్చు తప్ప వేరు చందా లేదు.

మూడవది విద్యార్థులకు. డిజిటల్ పద్ధతిలో ఒక బొమ్మతోపాటు అనేక స్వరములను పంపవచ్చును. కొన్ని విజ్ఞాన ఛానళ్ళును, బాలల ఛానళ్ళును ఒకే కార్యక్రమమును తమిళము, తెలుగు, ఆంగ్లము, హిందీ స్వరములలో అందించుచున్నవి. చేతిలోని మీటల పలకపై భాషను మార్చు మీట యొకటి ఉండును. ఏనుగుల మందను గూర్చిన కార్యక్రమమును ఒకసారి తమిళమునను, ఒకసారి తెలుగునను వినుడు. తొండమునకు, దంతమునకు, మావటివానికి రెండు భాషలలో ఏయే మాటలు కలవో పోల్చుకొనుడు. రెండు భాషల నడుమ పుట్టినవారికి ఇది భాగ్యమే గాని భారము కాదు. అయితే దినమునకు ఒక గంటకు మించి తెర ముందు కూర్చుండవలదు. పుస్తకమునకు పెట్టె అక్కరలేదు.

నేడు ఫోనులలోను ఇదే నియమము నడచుచున్నది. అడిగినది వచ్చును, అడుగనిది రాదు. పూర్వము తెలుగు గాలిలో తనంతట తాను తేలివచ్చి మన మిద్దె మీద వాలెడిది. ఇప్పుడు గుమ్మము ముందు నిలిచియున్నది, పేరు పెట్టి పిలిచినగాని లోనికి రాదు. పిలుచుటకు ఖర్చు తక్కువ, శ్రద్ధ మాత్రము కావలెను.

మా తరగతి గోడపై ఒక పట్టికను అంటించినాము. ఎడమ గడులలో తెలుగు ఛానళ్ళ పేర్లు వ్రాసినాము. అన్నిటికంటె పైన సప్తగిరి ఉన్నది. కుడి గడులు ఖాళీగా ఉన్నవి. ఒక్కొక్క యింటి పెట్టెలో ఒక్కొక్క సంఖ్య గాన వాటిని మేము నింపలేము. విద్యార్థులారా, వచ్చు సోమవారము మీ మీ యింటి సంఖ్యలను తెచ్చి, మీ పేరు ప్రక్కన మీరే వ్రాయుడు.